గీస్తే గానీ తెలియని ముక్కలు

టారో నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే ముందు పెన్సిలు కొనుక్కోమంటాను. అర్థాల పుస్తకం తర్వాత చూసుకోవచ్చు. మొత్తం 78 కార్డులు. ఒక్కోదానికి నిలువుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే మరో అర్థం. ఇవన్నీ బట్టీ పట్టడానికి కూర్చున్నవాళ్లు సగానికి వచ్చేసరికి మొదటివి మర్చిపోతారు. మర్చిపోనివాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి తన కష్టం చెప్పుకుంటుంటే వీళ్లు మనసులో పుస్తకం పేజీలు తిప్పుతూ ఉంటారు. బొమ్మ సొంత చేత్తో వేసుకున్నవాళ్లకు ఆ అవస్థ లేదు. కార్డులో మనిషి ఎటు చూస్తున్నాడో, చేతిలో ఏముందో, వెనక తలుపు తెరిచి ఉందో మూసి ఉందో ప్రతి ఒక్కటీ వాళ్లే తేల్చుకుని గీశారు. అలా తేల్చుకునే క్రమంలోనే కార్డు వాళ్లకు పట్టుబడింది.

ఈ పద్ధతి పాతదే. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో లోపలి అంచెకు చేరిన సభ్యులు, సంఘం దగ్గరున్న టారో కట్టను చూసి తమ కట్ట తామే గీసుకుని రంగులు వేసుకునేవారు. కవి యేట్స్ ఆ సంఘంలో సభ్యుడే. తర్వాత అమెరికాలో పాల్ ఫాస్టర్ కేస్ స్థాపించిన బిల్డర్స్ ఆఫ్ ది అడిటమ్ సంస్థ ఇంకో దారి పట్టింది. జెస్సీ బర్న్స్ పార్క్ గీసిన బొమ్మలను గీతల వరకే అచ్చు వేసి ఇస్తారు. ఏ వస్త్రానికి ఏ రంగో పాఠంలో ఉంటుంది, వేసుకోవలసింది విద్యార్థే. కిరీటంలో పసుపు నింపినంతసేపూ కళ్లు ఆ కిరీటాన్ని వదలవు. పాఠం ఎన్నిసార్లు చదివినా అంతసేపు దాన్ని చూడం. రంగుతో ఆగకుండా గీత కూడా మనదే అయితే ఇంకా మేలని నా అభిప్రాయం.

భవిష్యత్తు చెబుతుందా అని అడుగుతారు. రేపు ఏం జరుగుతుందో ఈ కార్డుల్లో రాసి ఉందని నేను అనుకోను. నాకు టారో అంటే ఒక ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని, తొందరపడకుండా చూడటానికి పనికొచ్చే బొమ్మల కట్ట. ఆ కట్ట పుట్టింది కూడా జోస్యం కోసం కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా ప్రభువుల ఇళ్లలో ఆడుకోవడానికి పుట్టింది. అంతకుముందే ఈజిప్టును ఏలిన మమ్లూకుల పేక యూరప్‌కు చేరింది. అందులో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు నాలుగు జట్లు. పోలో ఎరగని ఇటలీలో ఆ కర్రలు ఉత్త కర్రలయ్యాయి. ఆ నాలుగు జట్లకు 22 బొమ్మల ముక్కలు తురుపులుగా చేర్చుకుని ఆడారు. 1781లో పారిస్‌లో కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాసేశాడు. ఆ ఈజిప్టు లిపిని షాంపోలియన్ చదవగలిగింది 1822లో. అంటే ఈజిప్టు రాత ఒక్క ముక్క కూడా చదవకుండానే చెప్పిన మాట అది. అయినా జోస్యానికి టారో వాడటం ఆ కాలం నుంచే బాగా ఊపందుకుంది.

మిలాన్ ప్రభువుల విస్కోంటి-స్ఫోర్జా కట్టలో మనకు మిగిలినవి 74 కార్డులే. వాటిలో 35 న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉంటే, మిగతావి బెర్గామోలో ఒక మ్యూజియం దగ్గరా ఒక కుటుంబం దగ్గరా ఉన్నాయి. దయ్యం, కూలే బురుజు, మూడు కత్తులు, నాణేల నైట్ లేవు. ఆ కట్టను ఇవాళ పూర్తిగా అచ్చు వేయాలంటే ఆ నాలుగూ ఎవరో ఒకరు కొత్తగా గీయాల్సిందే. బంగారు రేకు మీద మెరిసే ఆ పాత బొమ్మల పక్కన నిలబడేలా దయ్యాన్ని ఊహించాల్సిన చిత్రకారుడి మీద నాకు గౌరవం. చూసి దింపుకోవడానికి ఎదురుగా ఏమీ ఉండదు, కార్డు ఏం చేయాలో తెలిసి ఉండాలి, అంతే.

22 తురుపులను మేజర్ ఆర్కానా అంటారు. మిగతా 56 మైనర్ ఆర్కానా. గీసి నేర్చుకునేవాళ్లు చాలామంది పెద్దవాటితో మొదలుపెట్టి, 22 పూర్తయ్యాక ఆగిపోతారు. నేనైతే చిన్నవాటితో మొదలుపెట్టమంటాను. సూర్యుడు, చంద్రుడు, చక్రవర్తి లాంటివాటికి ఎవరికైనా ఏదో ఒక రూపం తోస్తుంది. ఐదు నాణేలు అంటే ఏం తోస్తుంది? ఆ తోచకపోవడంలోనే చదువు ఉంది.

పాత యూరప్ కట్టల్లో ఐదు నాణేలంటే ఐదు నాణేల బొమ్మే, ఇంకేమీ ఉండదు. మన పాత పేక గంజిఫాలోనూ అంతే. దశావతార గంజిఫాలో 120 గుండ్రటి ముక్కలు, పది జట్లు, జట్టుకు పన్నెండు. రాజు, మంత్రి పోగా మిగతావి అంకెల ముక్కలే. మత్స్యం జట్టులో ఐదు అంటే ఐదు చేపలు. ఆటకు అది చాలు. ఈ అంకెల ముక్కల్లో మనుషులను, వాతావరణాన్ని, కథను పెట్టి అందరి చేతికీ అందించింది 1909లో ఒక చిత్రకారిణి. ఇవాళ ప్రపంచంలో ఎవరు టారో గీసినా ఆవిడతో మాట్లాడుతూనే గీస్తారు.

పామెలా కోల్మన్ స్మిత్ 1878లో లండన్‌లో అమెరికన్ తల్లిదండ్రులకు పుట్టారు. చిన్నతనంలో కొన్నేళ్లు జమైకాలో గడిచాయి. బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు నేర్చుకున్నారు. హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీల లైసియం నాటక బృందంతో ఊళ్లు తిరిగారు. జమైకా జానపద కథలను పుస్తకంగా వేశారు, జనం ముందు కూర్చుని చెప్పేవారు కూడా. సంగీతం వింటుంటే ఆమె కళ్ల ముందు దృశ్యాలు కదిలేవి, వాటిని గీసేవారు. 1907లో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ న్యూయార్క్‌లోని తన గ్యాలరీలో ఫొటోలు కాని బొమ్మలకు తొలిసారి చోటిచ్చింది ఆవిడకే. రెండేళ్ల తర్వాత ఎ.ఇ. వెయిట్ అనే రహస్యవిద్యల రచయిత టారో కట్ట వేసిపెట్టమని అడిగారు. కొన్ని నెలల్లో వేసి ఇచ్చారు. అదే ఏడాది చివర లండన్‌లో రైడర్ సంస్థ అచ్చు వేసింది. పని పెద్దది, డబ్బు చిన్నది అన్న సంగతి ఆవిడ స్టీగ్లిట్జ్‌కు రాసిన ఉత్తరంలోనే ఉంది. ఎన్నో లక్షల చేతుల్లోకి వెళ్లిన ఆ కట్ట మీద చాలా కాలం పబ్లిషరు పేరు, వెయిట్ పేరు మాత్రమే వినిపించాయి. స్మిత్ 1951లో కార్న్‌వాల్‌లో అప్పులతోనే కన్నుమూశారు. కార్డుల మూలల్లో పాములా మెలితిరిగిన ఆవిడ సంతకం మాత్రం ప్రతిసారీ అచ్చవుతూ వచ్చింది. నేను ఆ కట్టను వెయిట్-స్మిత్ అనే అంటాను, మీరూ అలాగే అనండి.

పెద్ద కార్డులు ఎలా ఉండాలో వెయిట్‌కు వివరమైన ఆలోచన ఉంది. చిన్నవాటిలో చాలా భాగం స్మిత్‌కే వదిలేశారని పరిశోధకులు భావిస్తారు. గీసి చూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది. చిన్న కార్డులు చాలావాటిలో మనుషులు నాటకం స్టేజీ మీద నిలబడినట్టు నిలబడతారు. కాళ్ల కింద చదునైన నేల, దాని వెనక అడ్డంగా ఒక గీత, ఆ గీత వెనక తెర మీద వేసినట్టు కొండలు, కోటలు. లైసియం స్టేజీ అనుభవం అంతా అక్కడ ఉంది. ఆవిడకూ ఆధారాలున్నాయి. 1907లో బ్రిటిష్ మ్యూజియానికి సోలా బుస్కా అనే 15వ శతాబ్దపు ఇటలీ కట్ట ఫొటోలు చేరాయి. గుండెలో దిగిన మూడు కత్తులు అందులోవే. స్మిత్ వాటిని తీసుకుని వెనక బూడిద రంగు మబ్బు, ఏటవాలు వాన చేర్చారు. మనిషి లేని కార్డు అది. దుఃఖం ఎవరిదో చెప్పకుండా వదిలేశారు, అందుకే ఎవరు తీసినా అది వాళ్లదవుతుంది.

నేను పనిచేసే తీరు ఇది. జట్టుకు ఒక స్వభావం ఉంటుంది: కర్రలు నిప్పు, కప్పులు నీరు, కత్తులు గాలి, నాణేలు నేల. అంకెకూ ఒక స్వభావం ఉంటుంది. ఒకటి మొలక, నాలుగు కుదురు, ఐదు ఆ కుదురు చెడటం, పది నిండి బరువెక్కడం. ఈ రెండూ కలిపి, ఏ పుస్తకమూ తెరవకుండా, నా ఎరుకలో ఎప్పుడు ఎక్కడ చూశానా అని ఆలోచించి, అగ్గిపెట్టెంత డబ్బాల్లో నాలుగైదు గీసుకుంటాను. ఆ తర్వాతే స్మిత్ కార్డు తీసి పక్కన పెడతాను. ఆవిడది నాదాని కంటే ఎప్పుడూ బాగుంటుంది. ఎందుకు బాగుందో తెలియాలంటే ముందు మనం గీసి ఉండాలి.

ఐదు నాణేల దగ్గర చాలాకాలం ఉండిపోయాను. స్మిత్ బొమ్మలో మంచు కురుస్తోంది. చిరిగిన శాలువా కప్పుకున్న ఆడమనిషి ఉత్త కాళ్లతో నడుస్తోంది. వెనక చంకకర్రల మీద ఒకడు. వాళ్ల పైన చర్చి కిటికీ, రంగు అద్దాల్లోంచి వెలుగు, ఆ అద్దాల్లోనే ఐదు నాణేలు. మంచు మన అనుభవంలో లేదు. తీసేద్దామంటే, ఆ మంచు అక్కడ ఏం చేస్తోందో ముందు తెలియాలి. చలి కోసమేనా? గీసి చెరిపి గీసి చూస్తే అర్థమైంది: మంచు వల్ల వాళ్లు తలలు వంచుకున్నారు. తలలు వంచుకున్నారు కాబట్టి కిటికీ చూడలేదు. ఇంకా చూస్తే ఆ గోడకు తలుపే గీయలేదు స్మిత్. లోపలికి దారి లేదా, ఉండి మన కంట పడలేదా అన్నది తేల్చలేదు. నా కార్డులో జోరువాన వేశాను. పెళ్లి జరుగుతున్న ఫంక్షన్ హాలు, గేటు మీద సీరియల్ లైట్లు గుండ్రంగా చుట్టిన ఐదు వెలుగులు. కింద రోడ్డు మీద ప్లాస్టిక్ సంచి తల మీద కప్పుకుని ఇద్దరు. వాన కూడా తల వంచేలా చేస్తుంది. ఖాళీగా ఉందని గేటు పక్కన ఒక వాచ్‌మన్‌ను, చెయ్యి ఎత్తి ఉన్నట్టు నిలబెట్టాను.

ఆరు కత్తులకు స్మిత్ వేసినది పడవ ప్రయాణం. గడ వేసి నెడుతున్న మనిషి, శాలువాలో ముడుచుకున్న తల్లి, పక్కన బిడ్డ. ముగ్గురి వీపులే మనకు కనిపిస్తాయి. ముందు ఆరు కత్తులు పడవలో నిలువునా గుచ్చి ఉన్నాయి. ఒక పక్క నీళ్లు అలలు రేగి ఉంటే, రెండో పక్క నున్నగా ఉన్నాయి. నా కార్డుకు నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటే పంటు కావాలనిపించింది. మోటారు సైకిళ్లు, సంచులు, కూరల బుట్టలు, వాటి మధ్య ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒక కుటుంబం. వాళ్ల కత్తులు ఎక్కడ పెట్టాలి? స్మిత్ కత్తులను ఎవరూ పట్టుకోలేదు, పడవే మోస్తోంది. నేను వాటిని పాత చీరలో చుట్టి తల్లి ఒళ్లో పెట్టాను, పిడులు మాత్రం బయటికి కనిపించేలా. ఆ నిర్ణయం తీసుకున్నాకే ఈ కార్డు నాకు వచ్చింది. రేవు దాటితే కష్టం వెనక్కి పోతుందని పుస్తకాల్లో చదివాను గానీ, సామానుతో పాటు అదీ వస్తుందని, ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకుని మోస్తారని చెయ్యి చెప్పింది.

ఎనిమిది నాణేల్లో స్మిత్ వేసిన పనివాడు ఊరికి దూరంగా బల్ల మీద కూర్చుని నాణేలు చెక్కుతుంటాడు, చేసినవి స్తంభానికి వేలాడుతుంటాయి. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో, గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క పట్టించే మనిషిని చూసినవాళ్లకు ఆ కార్డుకు వేరే బొమ్మ వెతుక్కోనక్కర్లేదు.

స్మిత్ దగ్గర నేను నేర్చుకున్నవాటిలో పెద్దది చూపు. మృత్యువు కార్డు చూడండి. తెల్ల గుర్రం మీద కవచం తొడిగిన అస్థిపంజరం వస్తుంది. రాజు నేల మీద పడి ఉన్నాడు, కిరీటం దొర్లిపోయింది. బంగారు వస్త్రాల మతాధికారి చేతులు జోడించి నిలబడ్డాడు. యువతి మోకాళ్ల మీద కూలబడి మొహం పక్కకు తిప్పుకుంది. పసివాడు ఆ గుర్రం వైపు తలెత్తి చూస్తున్నాడు. వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఈ కార్డు వస్తే భయపడాలా అని అడిగేవాళ్లకు అర్థం చెప్పకుండా, ఈ నలుగురిలో నువ్వు ఎవరి పక్కన ఉన్నావని అడుగుతాను. ఐదు కప్పుల్లోనూ అంతే. నల్ల అంగీ మనిషి ఒలికిన మూడు కప్పులనే చూస్తుంటాడు, నిలిచి ఉన్న రెండు అతని వీపు వెనక ఉన్నాయి. తల కొంచెం పక్కకు తిప్పి గీశారంటే కార్డు మారిపోతుంది. గీసి చూశాను, నిజంగానే మారిపోతుంది.

వేలాడే మనిషి కార్డుకు వెనక ఒక కఠినమైన చరిత్ర ఉంది. ఇటలీ నగరాల్లో ద్రోహుల బొమ్మలను ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతున్నట్టు గోడల మీద వేయించేవారు. చూసిపోయే ప్రతివాడి ముందూ వాళ్ల పరువు తీయడమే ఉద్దేశం. 1478లో ఫ్లోరెన్స్‌లో అధికారం చెలాయించే మెదిచీ కుటుంబం మీద కుట్ర చేసినవాళ్లను అలా గోడ మీద వేసింది చిత్రకారుడు బొత్తిచెల్లి. టారోలో ఆ కార్డును మొదట్లో ద్రోహి అనే పిలిచారు. స్మిత్ చేతికి వచ్చేసరికి వేలాడేవాడి మొహం ప్రశాంతం, తల చుట్టూ వెలుగు, కొయ్యకు పచ్చటి ఆకులు. తలకిందుల మొహం గీయడం కష్టం కాబట్టి కాగితం తిప్పి గీశాను. తిప్పగానే అతను ఒంటికాలి మీద నాట్యం చేస్తున్నాడు! రెండో కాలు మడిచి, చేతులు వెనక్కి పెట్టి, నిబ్బరంగా. అతని వైపు నుంచి చూస్తే తలకిందులుగా ఉన్నది కొయ్య, ఊరు, మనం. ఎన్ని పుస్తకాల్లో చదివినా రాని ఆ సంగతి, కాగితం తిప్పిన క్షణంలో వచ్చింది.

కట్ట గీయడం త్వరగా అయ్యే పని అనుకునేవాళ్లకు ఫ్రీడా హారిస్ సంగతి చెప్పాలి. రహస్యవిద్యల రచయిత అలిస్టర్ క్రౌలీ కోసం 1938లో థోత్ టారో మొదలుపెట్టారావిడ. కొన్ని నెలల్లో తేలిపోతుందనుకున్న పనికి ఐదేళ్లు పట్టింది. నచ్చని కార్డును మళ్లీ మొదటి నుంచి వేశారు, కొన్నిటిని అనేకసార్లు. కోణాలు, వంపులు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చే ఆ శైలి కోసం ప్రక్షేప జ్యామితి నేర్చుకున్నారు. భర్త పోయాక శ్రీనగర్ వచ్చి ఉండిపోయారు, 1962లో అక్కడే కన్నుమూశారు. ఆ కార్డులు కట్టగా అచ్చై బజారుకు వచ్చింది 1969లో. ఆ కట్టను కలిపి పరిచే అవకాశం ఆవిడకు ఎప్పుడూ రాలేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పనిముట్ల గురించి రెండు మాటలు. స్మిత్ కార్డు దాదాపు 7 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడవు. దానికి రెట్టింపు కొలతలో గీసి స్కాన్ చేసి తగ్గిస్తే గీత బిగువుగా కనిపిస్తుంది. నీటిరంగులకు 300 జీఎస్ఎం కాగితం, గీతకు వాటర్‌ప్రూఫ్ ఇంకు. వెనకవైపు డిజైను పైనుంచి చూసినా కిందనుంచి చూసినా ఒకేలా ఉండాలి. లేకపోతే ఏది తలకిందులుగా ఉందో తీయకముందే తెలిసిపోతుంది. పూర్తయిన ప్రతి బొమ్మనూ గోడకు తలకిందులుగా అంటించి ఒకరోజు చూడండి. ఒలికిన కప్పులు నిలబడతాయి, పడిపోతున్నవాడు ఎగురుతాడు. స్మిత్ బొమ్మలను దింపుకుని నేర్చుకోవడానికి మన దేశంలో అడ్డు లేదు. ఇక్కడ కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు, ఆ గడువు 2011తో తీరిపోయింది.

చిన్నప్పుడు సంతలో చూసిన చిలక జోస్యం నాకు ఈ పనిలో తరచూ గుర్తొస్తుంది. చిలక ముక్కుతో తీసిన కార్డు మీద దేవుడి బొమ్మ ఉండేది. జోస్యుడు దాన్ని చూసి, ఎదుటివాళ్ల మొహం చూసి, మళ్లీ బొమ్మ చూసి మాట్లాడేవాడు. ఆ రెండు చూపులూ కలిసే చోట ఆయన విద్య ఉంది. మొహం చూడని జోస్యుడు ఎంత మంచి కార్డులు పెట్టుకున్నా ఏం చెబుతాడు?

ఉద్యోగం మానాలా వద్దా అని నలిగిపోతున్న ఒక చెల్లెలి వరస అమ్మాయికి ఈమధ్య నా కార్డులే పరిచాను. ఐదు నాణేలు వచ్చింది. చాలాసేపు చూసి, "అక్కా, ఈ వాచ్‌మన్ రమ్మంటున్నాడా, పొమ్మంటున్నాడా?" అంది.

"నీకెలా కనిపిస్తోంది?"

"రమ్మంటున్నట్టే ఉంది. వీళ్లే తలెత్తట్లేదు." కాసేపాగి, "మా ఆఫీసులో ఒకావిడ రెండుసార్లు అడిగింది, వాళ్ల టీముకి వస్తావా అని. నేనే సరిగ్గా వినిపించుకోలేదు," అంది.

ఖాళీ నింపడానికి వేసిన చెయ్యి అది. స్మిత్ గోడకు తలుపు గీయకుండా వదిలేసిన చోటే నా కార్డులో గేటూ వాచ్‌మనూ వచ్చి నిలబడ్డారని ఆ అమ్మాయి చెబితే గానీ నేను చూడలేదు. ఆ అమ్మాయి ఏం చేసిందో ఇక్కడ రాయను, అది తన సంగతి.

ఇప్పుడు కోర్టు కార్డుల్లో ఉన్నాను. జట్టుకు పేజ్, నైట్, రాణి, రాజు, మొత్తం పదహారు మొహాలు. ఇవి అందరికీ కష్టమే, ఎందుకంటే ఇక్కడ కథ ఉండదు, మనిషి మాత్రమే ఉంటాడు. నైట్‌లకు స్మిత్ గుర్రాలతోనే స్వభావం చెప్పారు. కత్తుల నైట్ గుర్రం దౌడు తీస్తుంది, కర్రలవాడిది ముందుకాళ్లెత్తుతుంది, కప్పులవాడిది నెమ్మదిగా నడుస్తుంది. నాణేలవాడి గుర్రం ఒక్కటే కదలకుండా నిలబడి ఉంటుంది, వెనక దున్నిన చేను. నేను అతన్ని ట్రాక్టరు మీద కూర్చోబెట్టాను, చేలో ఆగిన ట్రాక్టరు. ఇంజను ఆపేశాడా, నడుస్తుండగానే ఒక్క క్షణం ఆగి చూస్తున్నాడా అన్నది తేలాలి. సైలెన్సరు గొట్టం మీద పొగ గీతలు వేస్తే ఒక మనిషి, వేయకపోతే ఇంకో మనిషి. రెండు రకాలుగానూ గీసి బల్ల మీద పెట్టుకున్నాను. ప్రస్తుతానికి పొగ ఉన్నదాని వైపే మొగ్గుతున్నాను.